గుండీల కట్టు

భార్య వీధి మలుపు తిరిగేదాకా చూసి, టైలరు పైజామా పైకి లాగి, ఎడమకాలి సిమెంట్ కట్టుకి ఉన్న గుండీలు విప్పసాగాడు.

అవును, గుండీలే. ఆసుపత్రిలో కట్టు వేసిన వారానికే దాన్ని నీళ్లతో నానబెట్టి, పెద్ద కత్తెరతో నిలువునా చీల్చాడు. అంచులకు గుడ్డ పట్టీ వేసి, కాజాలు తీసి, గుండీలు కుట్టాడు. అన్నీ లోపలివైపే. పైన వెడల్పాటి పైజామా ఉండగా ఆవిడకేం కనబడుతుంది? ఆవిడ హోటల్లో గిన్నెలు కడగడానికి వెళ్లగానే విప్పడం, వచ్చేవేళకి తొడుక్కోవడం. బిగుతైనవి వదులు చేయడం తన వృత్తాయె. ఊరందరికీ చేసినవాడు తన కాలికి చేసుకోకూడదా?

"షుగరు నీ నరాల్ని తినేసింది. లోపల ఎముకలు చితికిపోతున్నాయి. కాలు కింద పెట్టకు," అన్నాడు డాక్టరు, కట్టు వేసిననాడు.

"నొప్పి లేదు కదండీ!"

"అదేనయ్యా నీ కొంప ముంచేది."

నొప్పి పుడితే మూలుగుతూ మూల కూర్చునేవాడే. పాదం వాచినా, ఎర్రబడినా, వేడెక్కినా, ఎవరిదో కాలులాగా నోరు మూసుకుని పడుంది. భార్య సంపాదన తింటూ గోడకేసి చూడటం కంటే మిషను తొక్కుతూ చావడం మేలనిపించింది వాడికి.

రెండ్రోజులుగా ఒళ్లు కాలుతోంది. ఇవాళ మిట్టమధ్యాహ్నం చలి పుట్టింది. పెడలు మీద తడి చూసి నూనె కారిందనుకుని తుడిచాడు. గుడ్డ ఎర్రబడింది.

బేరగాళ్లు చూసుకునే అద్దం దించి పాదం కింద పెట్టాడు. వంపు లేదు. అరికాలు గిన్నె అడుగులా ఉబ్బిపోయింది, నడిమధ్య పెద్ద పుండు. వాడికి ఏడుపొచ్చింది.

"ఒక్కసారైనా అరిచి చావలేకపోయావటే!" అని కాలిని తిట్టాడు. కాసేపటికి వణుకుతూనే కట్టు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి మిషను మీద తల వాల్చి ఉన్నాడు.

"దీపాలవేళ కునుకా? లే, లేవయ్యా!" అంటూ భుజం తట్టి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంత కాలిపోతున్నాడు.

ఆసుపత్రిలో విషం రక్తానికెక్కిందన్నారు. కాలు తీసే వ్యవధి కూడా ఇవ్వలేదు వాడు. తెల్లారేసరికి పోయాడు.

నర్సు ఏదో బరువైనది ఆవిడ చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక మిషను పక్కన పెట్టి చూసింది. తెల్లటి కట్టు, నల్లటి పట్టీ, వరసగా గుండీలు. కాజాలు ఎంత ఒద్దికగా తీశాడో, ఒక్క దారప్పోగైనా బయటికి రాలేదు.