ముద్దపప్పులో మాత్ర

నేను ఒక పప్పుగుత్తిని. పప్పు ఎనిపే కర్రేగా అని చిన్నచూపు చూడకండి. లక్కబొమ్మలు చేసే ఊళ్లో, అంకుడు కర్రను గిరగిరా తిప్పి నూకయ్య నన్ను చెక్కాడు. పెళ్లైన కొత్తలో భార్య అప్పలనర్సకు ఇచ్చిన మొదటి కానుకను నేనే. అప్పట్లో ఆ చెయ్యి వెంట్రుకవాసి కూడా తప్పేది కాదు.

ఆ చేతికే వణుకు పట్టుకుంది. తర్వాత ఒళ్లంతా బిగుసుకుపోసాగింది. పార్కిన్సన్ జబ్బన్నారు, మాత్రలిచ్చారు. మింగిన కాసేపటికి ఒళ్లు వదులై, మనిషి లేచి పనిలో కూర్చునేవాడు. అంతటితో ఊరుకుంటే వాళ్లు మనుషులెందుకవుతారు?

"ఒట్టి కడుపున మాత్రేత్తే పేగులు మాడిపోవా మావా?" అంది అప్పలనర్స. నాతో మెత్తగా ఎనిపిన ముద్దపప్పులో నెయ్యి పోసి, మాత్రను ముద్ద మధ్యన పెట్టి తినిపించింది. ఆ రోజు నూకయ్య లేవలేదు. బలం చాల్లేదనుకుని మర్నాడు పప్పు రెట్టింపు చేసింది, పైన గుడ్డు కూడా పెట్టింది. ఎంత పెడితే అంత బిగుసుకుపోయాడు. నాకు భయమేసింది. నోరుంటే అరిచేదాన్నే. ఆఖరికి గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయి, నిలువునా పడిపోయాడు.

కట్టు కట్టడానికి ఇంటికొచ్చిన డాక్టరమ్మ, పప్పుముద్దలో మాత్ర పెట్టడం చూసి సంగతి పట్టేసింది. "పప్పు, గుడ్డు, పాలు అరిగితే అమైనో ఆమ్లాలవుతాయమ్మా. పేగుల్లోంచి ఒంట్లోకి అవీ ఈ మాత్రా ఒకే గుమ్మంలోంచి దూరాలి. ఆ గుంపులో మాత్ర వెనకబడిపోతోంది. తిండికి ముందే మాత్ర వెయ్యి. పప్పు రాత్రికి పెట్టు. మానేయొద్దు సుమా."

ఆ చివరి మాట అప్పలనర్స చెవికెక్కలేదు. "ఓలమ్మో! నా సేత్తోనే పెట్టాను గదా!" అని గుండెలు బాదుకుని, నన్ను పొయ్యి పక్కనున్న పుల్లల కుప్పలోకి విసిరేసింది. నేనేం చేశాను? ఎనపమంటే ఎనిపాను. ఆనాటి నుంచి ఆ ఇంట్లో పొద్దూ మాపూ గంజే.

మాత్ర మళ్లీ ఒంటికి పట్టింది. వణుకు తగ్గింది. మనిషి మాత్రం రోజురోజుకీ తరిగిపోయాడు.

ఇవాళ నూకయ్య తనంతట తనే పొయ్యి దగ్గరకు నడిచొచ్చాడు. పుల్లల్లోంచి నన్ను ఏరి తీశాడు.

"నర్సా, ఆకలేత్తందే. రేతిరికి పప్పొండు."

ఆ చెయ్యి వణకలేదు. అయినా నన్ను పట్టుకునే సత్తువ లేక వదిలేసింది.

అప్పలనర్స నన్ను చూసింది, ఎముకలు తేలిన ఆ చేతిని చూసింది. కళ్లు తుడుచుకుంది.

"అదొద్దు మావా. నాకు బయ్యం" అంటూ నన్ను పొయ్యిలోకి తోసింది.

గంజి ఇప్పుడు నా మంట మీదే ఉడుకుతోంది.