వీధివైపు గది

రసీదులను ఇస్త్రీ చేయకూడదన్న సంగతి గ్లెనిస్‌కు మొదటి రసీదు నల్లబడ్డాకే తెలిసింది. వేడి తగలగానే అంకెలన్నీ మసిలో కలిసిపోయాయి. ఇంటి మీద పెట్టిన ఖర్చులు చూపిస్తే పన్ను తగ్గుతుందేమోనని, మిగిలినవాటిని అరచేత్తోనే సాపు చేసి, బిస్కెట్ల డబ్బాలో సర్దుకుని, ఆస్ట్రేలియాలోని బెండిగో ఊళ్లో పన్నుల లెక్కలు చూసే వూలా దగ్గరికి బయలుదేరింది.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ ఇంటికి ఆమె వేయని రంగు లేదు, నాటని మొక్క లేదు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. నాలుగేళ్ల కిందట ఒక్క సూట్‌కేసుతో బయటికి వచ్చి, బేకరీ మీది చిన్న వాటాలో అద్దెకుంటోంది. ఇప్పుడు విడాకులయ్యాయి, ఇల్లు అమ్మాలి. అమ్మకం మాట వచ్చినప్పటినుంచీ ఫోనులో మాజీ భర్త డారిల్‌ది ఒకటే పాట. "గడప దాటింది నువ్వు. ఉన్నవాడికి పన్నుండదు, పోయినదానికే పన్ను. బయటివాళ్లకి అమ్మితే నీ లాభమంతా గవర్నమెంటు మింగేస్తుంది. నా మాట విని నీ సగం నాకే రాసిచ్చెయ్. ధర కాస్త తగ్గినా పీడ వదులుతుంది." ఆ 'నా మాట విని' ఆమెకు కొత్త కాదు. కుట్టుమిషను పెట్టుకోవడానికి వీధివైపు గది అడిగినప్పుడూ అదే విన్నది. "ఇల్లంతా నీదేగా, మళ్లీ నీకంటూ గదెందుకు?" అన్నాడతడు. "అదొక గదా, కొట్టు! భోజనాల బల్లుందిగా, కుట్టుకో" అన్నది అత్తగారు. ఆ గదిలో అతడి చేపల గాలాలు పాతికేళ్లు విశ్రాంతి తీసుకున్నాయి. పిల్లలిద్దరి స్కూలు బట్టలూ, అత్తగారి కర్టెన్లూ భోజనాల బల్ల మీదే తయారయ్యాయి. ప్రతి పూటా మిషను ఎత్తి నేల మీద పెట్టడం, ఎంగిలి తుడవడం, మళ్లీ బల్ల మీదికి ఎక్కించడం. ఆ బరువును ఏ దుకాణమూ రసీదు మీద వేయలేదు.

డెబ్బై దాటిన వూలా డబ్బా మూత తీసి నాలుగు కాగితాలు తిరగేసింది.

"ఇంత రంగు ఎవరేశారు తల్లీ?"

"నేనే."

"చట్టానికి రంగు డబ్బా ఖర్చు. నీ చేతులు ఖర్చు కాదు." వూలా మూత బిగించింది. "అసలు వీటితో పనే లేదు. ఇంకెక్కడైనా ఇల్లు కొన్నావా?"

"లేదు."

"ఆ ఇంట్లో అద్దెకెవరినైనా పెట్టారా?"

"లేదు, డారిల్ ఒక్కడే ఉంటున్నాడు."

"అయితే నువ్వు కోరుకుంటే ఇప్పటికీ అదే నీ ఇల్లని చట్టం ఒప్పుకుంటుంది. నీ సగానికి పన్ను సున్నా."

"సున్నా అంటే, వూలా గారూ?"

"సున్నా అంటే సున్నానే. ఏడవకు, టిష్యూలు ఖరీదు. అతగాడు ఆ ఇంట్లో వ్యాపారమేమైనా చేస్తున్నాడా?"

గ్లెనిస్‌కు కిందటి క్రిస్మస్ నాటి డారిల్ ప్రగల్భం గుర్తొచ్చింది. "నీ కుట్టుగదిని ఆఫీసు చేశా. ఇంటి అప్పుకు కట్టే బ్యాంకు వడ్డీలో ఆ గది వంతు ఏటా పన్నులో తగ్గించుకుంటున్నా. బుర్రుండాలి!"

ఆ మాట చెప్పగానే వూలా కళ్లజోడు జారేంతగా నవ్వింది. "వడ్డీ తగ్గించుకున్న గదికి పూర్తి మినహాయింపు ఎక్కడిదమ్మా? అతని సగంలో ఆ గది వంతు లాభానికి పన్ను పడుతుంది. అతనే కట్టుకోవాలి."

ఆమె అడిగినప్పుడు గదిగా లెక్కకు రానిదాన్ని, పొడవూ వెడల్పూ కొలిచి అతడే ప్రభుత్వానికి రాసిచ్చుకున్నాడు.

బేకరీ మెట్లెక్కుతుండగా ఫోను మోగింది.

"ఏం తేల్చావ్? రాసిస్తున్నావా?"

"లేదు. వేలం పెడదాం. శనివారం పొద్దున, ముందు లాన్‌లో, వీధి వీధంతా చూస్తుండగా."

"పన్ను కట్టలేక చస్తావ్!"

"నాకు లేదు డారిల్. నీకే ఉంది, వీధివైపు గదికి."

అతడు అరిచాడు: "అది నీ గదే కదే!"

ఇరవై ఆరేళ్లు ఆమె వినగోరిన మాట. గ్లెనిస్ ఫోను కట్టేసి లోపలికి వెళ్లి, భోజనం వేళయినా, బల్ల మీది మిషనును కదపకుండా, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తృప్తిగా తిన్నది.