మూడు మాటలు తీసేశాక

నాలుగు గంటలకు యజమాని భూషణ్ సేఠ్ వస్తాడు. ఆలోపు ముసలి నేతగాడు కనుకయ్య తన చేత్తో డిజైన్ రాసి సాంచాను, అంటే మరమగ్గాన్ని, నడిపించాలి. లేకపోతే మోకాళ్లు అరిగి మగ్గాల మధ్య నిలబడలేని మనిషికి ఈ కామత్‌ఘర్ కార్ఖానాలో చోటు లేదని సేఠ్ పొద్దున్నే తేల్చేశాడు.

ఆ సాంచాకు కంప్యూటర్ తగిలించి, దానికి పని చెప్పేందుకో చిన్న తెలుగు భాష కట్టినవాడు రాంప్రసాద్. అందులో పువ్వు డిజైన్‌లోని ప్రతి వరుసకూ ముందు ‘ప్రయత్నించు’ అని రాయాలి. పోగుల లెక్క తప్పితే ఏం చేయాలో ‘తప్పు పడితే’ కింద చెప్పాలి. చివర ‘ముగింపు’ పెట్టాలి. నలభై వరుసల్లో కనుకయ్య ఎక్కడో ఒక ముగింపు మరిచిపోతాడు. తెర ఎర్రబడుతుంది.

“తప్పు జరగకముందే గింత రాసుడేంది సార్? మా ఇంటామె పోచవ్వ గూడ గిట్లనే, నేను గడప దాటకముందే తిట్టుడు షురూ జేస్తది.”

రాంప్రసాద్‌కు నవ్వు రాలేదు. మూడున్నర అయింది. ఆ మూడు మాటలనూ భాషలోంచి పీకేశాడు. ఏ తప్పొచ్చినా ఆ వరుసను వదిలేసి ముందుకు పొమ్మని సాంచాకు చెప్పాడు.

కనుకయ్య ఉత్త వరుసలే రాశాడు. సాంచా ఆగకుండా నడిచింది. అప్పుడే లోపలికొచ్చిన సేఠ్, “చల్ పడా, నడిచింది! శెబాష్ కనుకన్నా!” అన్నాడు.

కనుకయ్య గుడ్డను వేలితో తడిమి సాంచా ఆపేశాడు.

“పువ్వుకు ఒక రెక్క లేదు సేఠ్. నేను తప్పు రాస్తే ఇది చెప్పకుండ మింగింది.” రాంప్రసాద్ వైపు తిరిగాడు. “వయసుల ఉన్నప్పుడు నేనూ గిట్లనే జేసిన సార్. పేక తెగితే సాంచాను ఆపే పుల్లను దారంతోని కట్టేసిన. మీటర్లు బగ్గ వచ్చినయ్. గుడ్డ తాను మొత్తం తూట్లు పడి జాలీ అయింది.”

రాంప్రసాద్ సిగ్గుతో తల వంచుకున్నాడు. భాషలో తను కట్టేసిన పుల్లను విప్పాలంటే మళ్లీ మూడు మాటలూ రాయించాలా? సేఠ్ గడియారం చూసుకున్నాడు. “పది నిమిషాలే.”

రాంప్రసాద్‌కు అప్పుడు తట్టింది. ఆగడానికి ఎవరైనా ఎందుకు రాయాలి? తప్పు పడితే భాషే ఆగి, వరుస సంఖ్య చెప్పాలి. దాటిపోవాలనుకున్నవాడే ఆ వరుస చివర ‘వదిలేయి’ అని రాసుకోవాలి. తొమ్మిదో నిమిషానికి అది కుదిరింది.

సాంచా నాలుగో వరుస దగ్గర ఆగింది. కనుకయ్య దిద్దాడు. పదకొండు దగ్గర మళ్లీ ఆగింది.

“గిన్నిసార్లు ఆగితే ఎట్లనే?” అన్నాడు సేఠ్.

“ఆగితేనే గద సేఠ్, దిద్దుకునేది,” అన్నాడు కనుకయ్య.

సేఠ్ వంగి, దిద్దిన వరుసల మీద వేలు పెట్టి చూశాడు. “సరే, ఈ వారం చూస్త. తాను ఖరాబైతే మాత్రం ఇంటికే,” అన్నాడు చివరికి.

కనుకయ్య ఆ మాట విన్నట్టు లేదు. సాంచా ఇరవై మూడు దగ్గర ఆగింది. అతను తెర మీదికి వంగి పోగులు లెక్కపెడుతున్నాడు.