ఇరవై అని రాసిన చెయ్యి

పడుకుంటే ఊపిరాడదు. అందుకని ఆ మనిషి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి, ముందుకు వంగి గాలి కోసం పెనుగులాడుతున్నాడు. పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. గోళ్లు నీలంగా మారాయి. పదకొండేళ్లుగా రాళ్ల మిల్లులో డ్రిల్లు పట్టిన మనిషి. వయసు ముప్పై నాలుగు.

కంపెనీ ఆసుపత్రి డాక్టరు అతని మొహం చూడలేదు, కాగితం చూశాడు. మిల్లు యజమానికి స్వయానా బామ్మర్ది ఆయన.

"నిమిషానికి ఇరవై ఊపిర్లు. ముప్పై దాటితేనే ఆక్సిజనూ, సెలవూ. నాటకాలాడకుండా పనిలోకి పో."

పక్కనే వార్డు పెద్దసిస్టరు నిలబడి ఉంది. ఆ ఇరవై రాసింది ఆవిడే. లెక్కపెట్టి రాసింది మాత్రం కాదు. నలభై మంచాలకు ఆవిడ కాక ఇద్దరు నర్సులు. ఊపిరి లెక్కపెట్టాలంటే ఒక్కో మనిషి దగ్గర నిండు నిమిషం నిలబడాలి. ఎవరు నిలబడతారు? ఆ గడిలో అందరికీ ఇరవై వేసెయ్యడం వార్డులో పాత అలవాటు. పెద్దవాళ్లు వేశారు, ఆవిడా వేసింది, కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పింది కూడా. డాక్టరుకు ఆ సంగతి తెలియదనుకుంటున్నారా? శుభ్రంగా తెలుసు. ముప్పై దాటాలన్న రూలు పెట్టిందే అందుకు.

మధ్యాహ్నానికి ఆ డ్రిల్లర్ను మిల్లులోంచి తలుపుచెక్క మీద మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది. డాక్టరు "గుండెపోటు" అని గీకి చేతులు దులుపుకున్నాడు. వరండా నిండా మిల్లు జనం. పెద్దసిస్టరు వాళ్ల ముందుకొచ్చింది.

"గుండెపోటు కాదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. పొద్దున లెక్కపెడితే నలభై పైనే వచ్చేది. నేను లెక్కపెట్టలేదు. ఇరవై అని రాసేశాను."

డ్రిల్లరు భార్య ఆవిడ చెంప ఛెళ్లుమనిపించింది. జనం ఆవిడ మీదికి దూకారు. మళ్లీ ఆ భార్యే అడ్డం నిలబడింది.

"ఆగండ్రా! ఇది ఒప్పుకుంది. ఒప్పుకోనివాడు లోపల ఫ్యాను కింద కూచున్నాడు."

"మిల్లు తగలబెట్టేద్దాం వదినా!" అన్నాడు మరిది.

"తగలబెడితే నిన్ను జైల్లోకి తోసి వాడు ఇంకోటి కడతాడు. ముందు మనవాళ్లకి గాలి కావాలి." నర్సు వైపు తిరిగింది. "ఆ లెక్కేదో మాకు నేర్పు. నువ్వు మళ్లీ మర్చిపోయినా మేం మర్చిపోం."

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే నీళ్ల పంపు దగ్గర మిల్లు ఆడవాళ్లకు పాఠాలు. బొమ్మలా కూర్చోడానికి మిల్లులో పాత కూలీ సుత్తి తాత ఒప్పుకున్నాడు. రాళ్లనీ, దొరికిన మనుషుల్నీ సుత్తితోనే కొడతాడని ఆ పేరు.

"నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకోండి. ఊపిరి లెక్కపెడుతున్నామని చెప్పకండి, చెబితే బిగబడతారు. పొట్ట లేచి పడితే ఒకటి. నిమిషం నిండేదాకా కన్ను తిప్పొద్దు."

"ఈ వయసులో ఇంతమంది ఆడాళ్లు నా పొట్ట వంక చూస్తుంటే ఊపిరి ఆగేలా ఉందే!" అన్నాడు తాత. అందరూ విరగబడి నవ్వారు. లెక్క ముప్పై ఆరు వచ్చింది. తప్పేమోనని మళ్లీ లెక్కపెట్టారు. ముప్పై ఏడు. ఎవరూ నవ్వలేదు.

వారానికల్లా ముప్పై దాటినవాళ్లు పంతొమ్మిదిమంది తేలారు. ఆడవాళ్లు అందర్నీ వార్డులోకి తీసుకొచ్చి ఆక్సిజను పెట్టమన్నారు. పెద్దసిస్టరు కాగితాల మీద అసలు అంకెలు రాసి, సంతకం పెట్టింది.

"అక్షరం ముక్క రానివాళ్లు చూసిన లెక్కా ఇది?" డాక్టరు సిలిండర్ల గదికి తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు.

సుత్తి తాతకు ఇప్పుడు మాట రావడం లేదు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి పైకే లెక్కపెట్టారు. నలభై ఎనిమిది. చాలాసేపటికి ముప్పై. ఆ తర్వాత పద్దెనిమిది.

"చూశారా, దానంతటదే తగ్గుతోంది," నవ్వాడు డాక్టరు.

"తగ్గడం కాదు! అలిసిపోతున్నాడు! తాళం తియ్యండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను!" అంది పెద్దసిస్టరు.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. పద్దెనిమిది తొమ్మిదైంది. మరుసటి నిమిషం "నాలుగు" అన్నారు. అయిదో ఊపిరి కోసం నోళ్లు తెరిచి ఎదురుచూశారు. అది రాలేదు.

ఎవరూ ఏడవలేదు. డ్రిల్లరు భార్య గునపం తెచ్చింది. ఆమె వెనక ఇద్దరు చిన్న నర్సులూ నడిచారు. తాళం మూడో దెబ్బకు ఊడింది. సిలిండర్లను దొర్లించుకుంటూ మంచాల దగ్గరికి చేర్చారు.

పోలీసులు వచ్చేసరికి పద్దెనిమిది మొహాలకు మాస్కులున్నాయి. డాక్టరు వేలు చూపిస్తే పెద్దసిస్టర్ను జుట్టు పట్టి లాక్కెళ్లారు. వ్యాను ఎక్కిస్తుంటే వార్డు కిటికీలోంచి డ్రిల్లరు భార్య కేకేసింది.

"అక్కా! మూడో మంచం మీదాయనకి మాస్కు పెట్టినా ఇంకా ముప్పై ఎనిమిదే! ఏం చెయ్యను?"

లాఠీ వీపు మీద పడింది. పెద్దసిస్టరు వ్యాను కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ముందుకు వంచి కూర్చోబెట్టు! కడుపు దగ్గర దిండు పెట్టు! సిలిండరు మీద ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వకు!"

"వేస్తే ఆ చెయ్యి విరిచేస్తాం!" అని వార్డంతా ఒక్క గొంతుతో అరిచింది.