డబ్బీలో బూడిద

నజీర్‌కి మొహమాటం ఎక్కువ. బర్మా యుద్ధంలో రెండేళ్ళు తుపాకీ మోసి వచ్చినా ఆ జబ్బు వదల్లేదు. అందుకే కిషన్‌బాగ్‌లో పాలమ్ముకునే రుక్మాబాయి, ఆ యుద్ధంలోనే చనిపోయిన కొడుకు బాలనర్సింహ సామాన్లతో నజీర్ తెచ్చిచ్చిన మూటలోంచి రేకు డబ్బీ తీసి, అందులోని బూడిదరంగు పొడిని కళ్ళకద్దుకుంటే, అది మీ వాడి బూడిద కాదని చెప్పలేక తల దించుకున్నాడు.

నిజానికి అక్కడ కాల్చడానికేమీ మిగల్లేదు. బాంబు పడ్డచోట గుంట ఉంది, అంతే. ఆ మాట కన్నతల్లితో ఏ నోటితో చెప్పాలి?

"నువ్వు ఉత్తచేతులతోని రాలే బిడ్డా," అంది రుక్మాబాయి. "మూసీల కలిపొస్త. గప్పుడన్న నాకు నిద్ర పడ్తది."

నదిలో కలిపేముందు అస్థికలను పాలతో కడగాలి. కొట్టం వెనకున్న దేవుడి గదికి కిటికీ లేదు, పట్టపగలే చీకటి. ఆమె అక్కడ కూర్చుని పొడిని ముంతలో పోసి, పొద్దున పిండిన ఆవుపాలు ఒంపింది.

పాలు నీలంగా వెలిగాయి.

రుక్మాబాయి భయపడలేదు. ముంత మీదికి వంగింది. "పానం పోలే," అంది మెల్లగా. "చూడు నజీరూ, వీని పానం పోలే. ఏడనో బతికే ఉన్నడు. కర్మలు వద్దు, ఏం వద్దు. పల్టనోళ్ళను దేవులాడమందాం, పద."

ఈ పిచ్చి ఆశతో ఈమె చచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. నజీర్‌కి ఇక చెప్పక తప్పలేదు.

"అది బాలనర్సింహ బూడిద కాదమ్మా. జపానోళ్ళ డబ్బీ. సముద్రం అడుగున ఇసుకల ఉండే పురుగులు, చీకట్ల మెరుస్తయి. వాటిని ఎండబెట్టి పొడి చేసిన్రు. చిటికెడు తడిపి, ఆ వెలుగుల దారి నక్షా చూసుకుంటరు. మనోనికి దొరికితే నీకు చూపిస్తనని దాచుకున్నడు."

"సచ్చిన పురుగులా?"

"ఎప్పుడో సచ్చినయి. తడి తగిలితే గట్లనే వెలుగుతయి."

"మరి నా కొడుకేడి?"

"ఏం దొరకలే అమ్మా."

వెలుగు సన్నగిల్లుతోంది. ఆమె మిగిలిన పాలు కూడా పోసింది. కాసేపటికి ముంత కూడా కనబడలేదు. ముందే చెప్పినా బాగుండేది, అసలు చెప్పకున్నా బాగుండేదని నజీర్ తనను తాను తిట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆమె లేచింది. "ముంత పట్టుకో బిడ్డా. మూసీకి పోదాం."

"అమ్మా, అది..."

"ఎరికే. కలపనీకి నాకింకేం లేదు."