పదకొండు చోట్ల వినపడిన నీళ్లు

పరదేశంలో కొత్తగా పెట్టిన ఒక కంపెనీకి మూడు వారాలు సలహాలిచ్చి రమ్మని కాలేజీవాళ్లు నలుగురు విద్యార్థులను పంపారు. కంపెనీ అంటే టైర్ల కొట్టు మీద ఒకే ఒక గది. అందులో ఉండేది అందరూ అక్క అని పిలిచే యజమానురాలు, మామయ్య అని పిలిచే ఆవిడ మేనమామ, క్యారియర్ గిన్నెంత పెట్టె ఒకటి. ఆ పెట్టెను నీటి గొట్టానికి తగిలిస్తే భూమిలో ఎక్కడ కారుతోందో చెబుతుంది. అంతకుముందు ఆ పని మామయ్యది. ఇనుప కడ్డీని రోడ్డుకు ఆనించి, పై కొనకు చెవి పెట్టి ముప్పై ఏళ్లు ఊరి నీళ్లు విన్న మనిషి. పాతికేళ్ల కిందట ఆయన టేపుల్లో పట్టి దాచిన చప్పుళ్లతోనే అక్క పెట్టెకు వినడం నేర్పింది.

నలుగురిలో ఒకమ్మాయిని తక్కినవాళ్లు లెక్కల పిల్ల అనేవారు. పెట్టె తప్పొప్పుల పట్టిక ఆమెదే. నలభై చోట్ల కారుతోందని పెట్టె అంటే, పదకొండు చోట్ల మామయ్య కాదన్నాడు.

"ఇంచుమించు నాలుగింట ఒకటి తప్పు. ఎల్లుండి నీళ్ల ఆఫీసులో ఇదే చెప్పాలి," అన్నాడు జట్టు నాయకుడు.

"చెప్పండి నాయనా. మెట్లు దిగుతూ గది తాళం టైర్లాయన చేతిలో పెట్టేస్తాను," అంది అక్క. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పెట్టెను కొనాల్సిన ఆ ఆఫీసు కాదంటే కంపెనీ మూతపడినట్టే.

సాయంత్రం లెక్కల పిల్ల పట్టిక మళ్లీ ముందేసుకుంది. ఆ పదకొండూ సన్నటి ఇనుప గొట్టాలే; కారితే అవి ఈలంత సన్నగా మోగుతాయి.

"అక్కా, ఈ చోట్ల తవ్వి చూశారా?"

"మామయ్య లేదన్నాక తవ్వడం దేనికి?"

పిల్ల చేతిలోని పట్టిక వంక చూసింది. మూడు వారాలుగా తనూ అంతే కదా చేసింది! ఆయన మాటతో పోల్చి పెట్టెకు మార్కులు వేసింది. ఆయన మాటను మాత్రం దేనితోనూ పోల్చలేదు.

మర్నాడు బస్సులు రోడ్డెక్కకముందే అందరూ ఆ పదకొండింటిలో మొదటి చోటికి వెళ్లారు. మామయ్య కడ్డీకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"ఎండు మట్టి, అమ్మడూ."

పిల్ల తనూ వంగి విన్నది. అట్టడుగున ఎక్కడో సన్నగా, తెగకుండా, ఈలలాంటి చప్పుడు.

"నాకు... వినిపిస్తోంది మామయ్యగారూ."

"అబ్బో! మూడు వారాల చెవి, ముప్పై ఏళ్ల చెవికి పాఠం చెబుతోందర్రా!" అని నవ్వాడాయన. పిల్ల నవ్వకపోవడం చూసి నవ్వు ఆపేశాడు. "సరే, తవ్వండి."

నడుములోతు దిగేసరికి మట్టి తడిగా తగిలింది. గొట్టం పక్కభాగాన వెంట్రుకంత చీలిక; అందులోంచి నీళ్లు పొగలా చిమ్ముతున్నాయి.

మామయ్య గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు.

"నా చెవికి సన్న చప్పుళ్లు ఎప్పుడు పోయాయో తెలియనే లేదే," అన్నాడు మేనకోడలితో. "ఊళ్లో కారడాలు తగ్గాయనుకున్నాను."

"పోలేదు మామయ్యా. నీ టేపుల్లోవి దీనికి వచ్చాయి." అక్క పెట్టెను ఆయన ముందు పెట్టింది.

ఆయన పెట్టె వంక చూశాడు. నలభై ఏళ్ల వయసులోని తన చెవి అక్కడ కూర్చుని ఇంకా వింటోంది. చంటిబిడ్డను తాకినట్టు రెండు వేళ్లతో దాన్ని తాకాడు.

చీకటి పడేసరికి పదకొండూ తవ్వారు. తొమ్మిదింట నీళ్లు కారుతూ కనిపించాయి. పట్టిక తిరగరాస్తూ పిల్ల ఒక గడి దగ్గర ఆగింది. "కారణం" అన్న గడి అది. ఆయన పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

"రాయి," అన్నాడు మామయ్య, భుజం మీదుగా తొంగిచూస్తూ. "తొమ్మిది తప్పులూ నావే. రేపు ఆఫీసులో చదివేటప్పుడు మాత్రం గట్టిగా చదువు. నాకూ వినపడాలి."