మేకనెక్కిన అక్క

మోకాళ్ల నొప్పులని గడప దాటని మా అక్క, ఆ ఆదివారం పొద్దున్నే తనే ఫోన్ చేసింది.

"పార్కులో ఆయన బొమ్మ పెట్టారటే. మేకతో సహా! చూసొద్దాం, రా."

మా ఇంట్లో 'ఆయన' అంటే ఒక్కరే, మేక కథ రాసిన రచయిత. మా నాన్న బస్సు కండక్టరు. సెలవు దొరికితే చాలు, మా ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ చదివేవాడు. రాత్రంతా కూర్చుని ఆయన రాసిన కాగితాలను మేక నమిలేసే చోటికి వచ్చేసరికి నాన్నకే నవ్వు ఆగేది కాదు. పుస్తకం మూసేసి, కళ్లు తుడుచుకుంటూ మిగతా కథ ఒక్కోసారి ఒక్కోలా, నోటికొచ్చినట్టు చెప్పేవాడు.

"మీకన్నా పిల్లలే నయం" అనేది అమ్మ వంటింట్లోంచి.

బొమ్మ గేటు దగ్గరి నుంచే కనిపించింది. కంచు రచయిత కాళ్లు నేలకు తన్నిపట్టి, కళ్లద్దాలు ముక్కు కొసకు జారినా పట్టించుకోకుండా, పొడవాటి కాగితం లాగుతున్నాడు. రెండో కొస మేక నోట్లో ఉంది. పిల్లలు ఎక్కీ ఎక్కీ మేక వీపు తళతళలాడుతోంది.

"నన్నెక్కించవే" అంది అక్క.

"పిచ్చా నీకు? మోకాళ్ల సంగతేంటి?"

"అవి ఇంటికెళ్లాక నొప్పెడతాయిలే."

కాపలాదారు పరుగున వచ్చాడు. "అమ్మా, అది పిల్లలకండీ!"

"నేనూ పిల్లనే నాయనా. మా నాన్నకి పెద్దపిల్లని."

అతను తల గోక్కుని, వెళ్లి తన స్టూలు తెచ్చి వేశాడు.

మేక మీద కుదురుకున్నాక, అక్క కాగితం మీద చెక్కిన కథను పైకి చదవసాగింది. పిల్లలు చుట్టూ మూగారు. మేక మాట్లాడే చోట ఆమె గొంతు బొంగురుగా, ముక్కుతో సాగదీసినట్టు మారింది. అచ్చం నాన్న గొంతే. ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో!

మేక పళ్ల దగ్గర వాక్యం సగంలో తెగిపోయింది.

"తర్వాతేమైంది?" అంది ఒక పాప.

"మేకకి కథ నచ్చింది. ఇంకోటి రాసేదాకా ఆయన్ని వదల్లేదు" అంది అక్క.

"కాదు, ఊరంతా తిరిగి ఆ కథ తనే చెప్పేసింది. నాన్న అలాగే చెప్పాడు" అన్నాను నేను.

"నీకు అలా చెప్పాడా?"

ఇద్దరం వాదించుకుంటుంటే పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వారు.

దిగేటప్పుడు కాపలాదారూ నేనూ చెరో భుజం పట్టుకోవాల్సొచ్చింది. తిరుగు బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ మోకాళ్లు నిమురుకుంటూ కూర్చుంది.

"వచ్చే ఆదివారం నువ్వెక్కవే" అంది చివరికి.

సరేనన్నాను.